సరస్సా, మడుగా?

మిత్రులారా, పిల్లల పత్రిక కోసం ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. నమీబియాలో 1986లో బయటపడిన గుహ గురించి. నోట్లోంచి తేమగాలి పొగలా పైకి వస్తుందని దానికి ‘డ్రాగన్ ఊపిరి’ అని పేరు పెట్టారు. లోపల దాదాపు రెండు హెక్టార్ల మేర నీరు. ‘భూగర్భ సరస్సు’ అని రాసి, దేవరకొండ దగ్గర మా ఊళ్లో నాన్నకు వినిపించాను. ఐదెకరాల నీళ్లనగానే కళ్లజోడు తీశారు. “సరస్సంటే కొంగలు వాలాలి, తామరలు పూయాలి. చీకట్లో ఉన్నది సరస్సెలా అవుతుంది?” అన్నారు. నాకు జవాబు తోచలేదు.

— అమ్మా, పక్షులూ తామరలూ ఉన్న బిలం రామాయణంలోనే ఉంది. కిష్కింధకాండలో వానరులు సీతను వెతుకుతూ, దాహంతో అల్లాడుతూ ఋక్షబిలం ముందుకు వస్తారు. లోపలినుంచి హంసలు, చక్రవాకాలు తడిసిన ఒళ్లతో, పద్మాల పుప్పొడి అంటించుకుని బయటికి వస్తుంటాయి. హనుమంతుడు వెంటనే “నూనం సలిలవానత్ర కూపో వా యది వా హ్రదః” అంటాడు. నీళ్లున్న బావో హ్రదమో ఇక్కడ తప్పక ఉందని. బిలం వాకిట చెట్లు నిగనిగలాడటం కూడా గమనించాడు. ఎంత చక్కని ఆరా!

చూడండి, సరస్సు అనలేదు, హ్రదం అన్నాడు. “తత్రాగాధజలో హ్రదః” అని సంస్కృత నిఘంటువు అమరకోశం. అడుగు అందని నీరు. దానికి మన మాట మడుగు. కాళియుడు కాపురమున్నది కాళింది మడుగులోనే కదా. ఆ మాటలోనే లోతు ఉంది, నలుపు ఉంది, కాస్త భయమూ ఉంది.

గుహ అన్న మాట మీద కూడా నాకు పేచీ ఉంది. ఆ నిఘంటువు రాసిన అమరసింహుడు బిలాన్ని పాతాళవర్గంలో పెట్టి, గుహను శైలవర్గంలో చేర్చాడు. బిలం కిందికి దిగేది, గుహ కొండలోకి వెళ్లేది. బిలానికి ఆయన చెప్పిన పర్యాయపదాల్లో ‘వివరం’ ఒకటి! మనం రోజూ అడిగే వివరాలన్నీ ఒకప్పటి కన్నాలే. గుహ పక్కనే ఆయన ‘గండశైలం’ చెప్పాడు, కొండ మీంచి జారిపడిన పెద్ద రాయి. నల్లగొండ, పాలమూరు గుట్టలు చూసినవారికి ఈ వరస నచ్చుతుంది. ఇక్కడి గుహలు చాలావరకు గుండు మీద గుండు పడి మిగిలిన సందులే. సున్నపురాయిని నీరు కరిగించుకుంటూ పోతే బేలుం లాంటి మూడు కిలోమీటర్ల పైచిలుకు బిలం పుడుతుంది. మన గ్రానైట్ అలా కరగదు.

— పాతాళగంగ అంటే సరిపోదా అని అడగబోయి ఆగిపోయాను. బేలుం లోపలి నీటికీ అదే పేరు, శ్రీశైలం మెట్ల కింద ఎండలో మెరిసే కృష్ణకూ అదే పేరు. పత్రికల్లో బోరు నీళ్లు కూడా పాతాళగంగే. మా అచ్చంపేట వైపు నోటికి వచ్చే మాట గుండం. సలేశ్వరంలో పైనుంచి దూకిన నీరు నిలిచేది గుండంలోనే, ఆ పక్క గుహలోనే లింగమయ్య. కానీ గుండం అంటే గుండ్రంగా, చిన్నగా తోస్తుంది. ఐదెకరాలకు చాలదు.

— ఇద్దరికీ నమస్కారాలు. మీ జవాబులు నాన్నకు చదివాను. హంసల దగ్గర ఆపించి మళ్లీ చదివించుకున్నారు. తర్వాత మా చెలకలో వేసిన బోరు గుర్తుచేసుకున్నారు. నీటిజాడ చూసే పెద్దమనిషి అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి, “కింద చెరువే ఉంది” అన్నాడట. నాలుగొందల అడుగులు దిగినా వచ్చింది బూడిదరంగు రాతిపిండే. నాన్న కనుబొమ్మల మీద కూడా పేరుకుంది. ఈ రాతి కింద చెరువులుండవని, పగుళ్లలో ఊట తగిలితే అదృష్టమని బోరుబండి కుర్రాడు అప్పుడు చెప్పాడట, డబ్బులు లెక్కపెట్టుకుంటూ.

మడుగుకు నాన్న ఒప్పుకున్నారు. ‘బిలంలో మడుగు’ అని శీర్షిక మార్చి పంపాను. బిలం అంటే పిల్లలకు తెలియదు, వివరం రాయండి అని పత్రికవారి జవాబు. బిలమన్నా వివరమన్నా ఒకటేనని రాశాను. ఇంకా ఉలుకూ పలుకూ లేదు.