అప్‌డేట్: హైబ్రిడ్ టీమ్‌కి ఆఫీసు రోజులు ఎలా పెట్టుకోవాలి? (సమస్య తీరింది)

మాది హైబ్రిడ్ టీమ్: వారానికి రెండు రోజులు ఆఫీసు, మిగతా రోజులు ఇంటి నుంచి పని. ఏ రోజులు రావాలన్నది అప్పట్లో ఎవరిష్టం వాళ్లది. దాంతో హైదరాబాద్ ట్రాఫిక్‌లో పడి రాయదుర్గం ఆఫీసు దాకా వచ్చి, మళ్లీ ఇంట్లో ఉన్నవాళ్లతో కాల్స్‌లోనే కూర్చుంటున్నామని అప్పట్లో అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది టీమంతా ఒకే రోజుల్లో రావడం. మంగళ, గురువారాలు ఖాయం చేశాం. డిజైన్ చర్చలు, కొత్తవాళ్లకు పని నేర్పడం ఆ రోజుల్లోనే. కోడ్ రివ్యూలు (ఒకరు రాసిన కోడ్‌ని ఇంకొకరు సరిచూడటం), రిపోర్టులు ఇంటి నుంచి. సోమవారం పెడదామన్నవాళ్లూ ఉన్నారు గానీ, వీకెండ్‌కి ఊరెళ్లినవాళ్లు ఆ పొద్దున ఇంకా బస్సులోనే ఉంటారు!

విజయవాడ నుంచి పూర్తిగా రిమోట్‌లో చేసే ఇద్దరికి మీటింగ్ రూమ్ మాటలు సరిగ్గా వినపడేవి కావు. రూమ్‌లో ఉన్నా ఎవరి లాప్‌టాప్‌లో వాళ్లు జాయిన్ అవ్వమన్న సలహాతో అది తీరింది. కాకపోతే అందరికీ హెడ్‌సెట్ ఉండాల్సిందే. ఒక్కరు స్పీకర్ ఆన్‌లో వదిలేసినా ఎకోతో చెవులు చిల్లులు పడతాయి. బోర్డు మీద రాసేవి కూడా ఇప్పుడు షేర్డ్ డాక్యుమెంట్‌లోనే రాస్తున్నాం.

సీటు బుకింగ్ యాప్ అక్కర్లేకపోయింది, మాకు సీట్ల కొరత ఎప్పుడూ లేదు. ఎవరు ఏ రోజు ఆఫీసుకొచ్చారో చూపే బ్యాడ్జి స్వైప్ రిపోర్టు మేనేజర్ ఒకసారి తెప్పించి చూసి పక్కన పడేశారు.