కోనసీమలో తీసే పీరియడ్ సినిమాకి షెడ్యూల్ ఏ నెలల్లో వేసుకోవాలి?

లంకగట్టు:
కథ 1969లో, కోనసీమ ఊళ్లో. కొన్ని సీన్లు రాజమండ్రి రేవులో. 28 రోజుల పని, సింక్ సౌండ్ (మాటలు సెట్లోనే రికార్డు చేస్తాం), బడ్జెట్ చిన్నది. హీరో ఊరొదిలేటప్పుడు పచ్చటి చేలు, తిరిగొచ్చేసరికి కోతలు నడుస్తుండాలి. ఒకే షెడ్యూల్లో లాగించొచ్చా? ఆర్టిస్టుల డేట్లు ఏప్రిల్ 20 తర్వాతే ఉన్నాయి. కాలవలో పడవ సీనొకటి, సినిమాల్లో తరచూ కనబడే కుమారదేవం నిద్రగన్నేరు చెట్టు కింద ఒకటి రాసుకున్నాం.

దాళ్వా:
ఏప్రిల్ 20 తర్వాతయితే కోతలూ, కాలవలో నీళ్లూ రెండూ దొరకవు. దాళ్వా (రబీ వరి) కోతలు అప్పటికి చాలావరకు అయిపోతాయి. పైగా సాధారణంగా ఏప్రిల్ రెండో సగంలో కాలవలు కట్టేస్తారు. మళ్లీ జూన్‌లో నీళ్లు వదిలేదాకా అడుగున బురద, గుర్రపుడెక్క తప్ప ఏమీ ఉండదు. పడవ సీను మర్చిపోవాల్సిందే.

సార్వా (ఖరీఫ్ వరి) చేలు ఆగస్టు, సెప్టెంబరుల్లో నిండు పచ్చగా ఉంటాయి కానీ అది వరదల కాలం. గోదారి ఎర్రగా ఉంటుంది, ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు దాటి మొదటి హెచ్చరిక పడిందంటే నది మధ్య లంకల్లో పని సాగదు. కోతల వేళకి తుపాను భయం. అందుకే దాళ్వా నమ్ముకోండి. జనవరిలో నాట్లయిన చేను మూడు వారాలదాకా వైడ్ షాట్‌లో నీళ్లలాగే కనబడుతుంది. పచ్చదనం ఫిబ్రవరి రెండో సగానికి కమ్ముకుంటుంది. అప్పుడు 16 రోజులు, ఏప్రిల్ మొదటివారం నుంచి 12 రోజులు పెట్టుకోండి. మధ్యలో హీరో గడ్డం కూడా పెరుగుతుంది.

కోత దగ్గరే చాలామంది దెబ్బతింటారు. మిషను దిగితే ఎకరం గంటలో ఊడ్చేస్తుంది. మీకు కొడవలి కోత కావాలి కాబట్టి అర ఎకరం ముందే మాట్లాడి ఆపించుకోండి. పండిన చేను ఎక్కువ రోజులు ఆగదు, గింజ రాలిపోతుంది. ఆ నష్టం కట్టిస్తామని కాగితం మీద రాయాలి. భూమి ఒకరిది, సాగు ఇంకొకరిది అయిన చేలే ఇక్కడ ఎక్కువ. ఆసామి సరే అన్నాడని క్రేను దింపితే కౌలురైతు గట్టు మీదే ఆపేస్తాడు. ఇద్దరితోనూ మాట్లాడాలి.

పాతరేవు:
కుమారదేవం చెట్టు 2024 ఆగస్టులో కూలిపోయింది. సీను మార్చుకోండి, లేదా పాత రోడ్ల పక్కన ఇంకో నిద్రగన్నేరు వెతకండి.

1969లో రాజమండ్రి దగ్గర గోదారి మీద ఉన్నది హేవలాక్ వంతెన ఒక్కటే. రోడ్డు కం రైలు వంతెన వచ్చింది 1974లో. ఆర్చి వంతెన 1990ల నాటిది, అదీ హేవలాక్ పక్కనే. వైడ్ పెట్టారంటే ఆ ఆర్చీలు ఫ్రేములోకి వచ్చేస్తాయి. స్తంభాలూ గర్డర్లూ మాత్రమే పడేలా కింద నుంచి దగ్గరగా తీయండి, మిగతాది గ్రాఫిక్స్‌లో చెరపడమే.

రాజమండ్రి తూర్పు ఒడ్డు. అక్కడి రేవులో నీళ్ల మీద సూర్యాస్తమయమే దొరుకుతుంది. ఉదయం సీనుకి కొవ్వూరు వైపు వెళ్లాలి.

ఇంకోటి, కోనసీమ జిల్లా 2022లో ఏర్పడింది. బడి బోర్డు మీదా పోస్టాఫీసు మీదా 'తూర్పు గోదావరి జిల్లా' అనే ఉండాలి. ఆర్ట్ వాళ్లు ఇవాళ్టి బోర్డు చూసి రాసేస్తారు, జాగ్రత్త.

మైకుబాబు:
సింక్ సౌండ్ అన్నారు కాబట్టి లొకేషన్ని పగలొకసారి, అర్ధరాత్రి ఒకసారి చూడండి. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు రొయ్యల చెరువులెక్కువ. చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ల మోత రాత్రిళ్లు చాలా దూరం వస్తుంది, చెరువులు 1969 ఫ్రేములోనూ ఇమడవు. ఆత్రేయపురం, కొత్తపేట వైపు కాలవగట్లు మేలు.

శ్రీరామనవమి మార్చి చివరో ఏప్రిల్లోనో వస్తుంది, పందిరి వేస్తే మైకు ఆగదు. తేదీ చూసుకుని డైలాగు సీన్లు ఆ రోజులకి అటో ఇటో జరపండి. యానాం ఘాటు కావాలంటే అది పుదుచ్చేరి కిందికొస్తుంది, ఆంధ్రా అనుమతి అక్కడ చెల్లదు.

అడక్కపోయినా ఒక మాట: మాట మాటకీ 'ఆయ్' తగిలిస్తే గోదారి యాస అయిపోదు. అది పెద్దవాళ్లకి మర్యాదగా ఊఁ కొట్టే మాట, ఇద్దరు స్నేహితుల మధ్య దాన్ని పెట్టకండి.