ఇటాలియన్ డ్రెస్సింగ్ ఇంట్లో చేస్తే ఫ్రిజ్‌లో గడ్డకడుతోంది, ఎవరైనా చెప్పండి

అద్దెగది_వంట: సాయంత్రం నుంచి దీంతోనే సరిపోయింది. వారం వారం సీసా కొనలేక, సలాడ్ మీద పోసుకునే ఇటాలియన్ డ్రెస్సింగ్ నేనే కలిపాను. నూనె, వెనిగర్, ఎండు ఒరెగానో, పచ్చి వెల్లుల్లి, ఉప్పు. అంతా వీడియోలో చెప్పినట్టే. కాసేపటికే నూనె పైకి, వెనిగర్ కిందికి. ఫ్రిజ్‌లో పెడితే పైపొర గడ్డకట్టింది. రుచి కూడా అదోలా ఉంది. కొలతలు మార్చినా అంతే. ఏం చెయ్యాలి?

మీనాక్షి_కిచెన్: ఏ నూనె?

గానుగే_ముద్దు: గడ్డకట్టిందంటే స్వచ్ఛమైన నూనె అని అర్థం, సంతోషించండి. రిఫైన్డ్ నూనెలు హెక్సేన్ అనే రసాయనంతో తీసి, బ్లీచ్ చేసి, వాసన పోగొట్టి అమ్ముతారు. మన తాతలు ఇవి ఎరుగుదురా?

పాత_జెర్సీ: తాతలు సలాడ్లు కూడా ఎరగరు లెండి. చలికి చిక్కబడటం స్వచ్ఛతకు పరీక్ష కాదు. ఆలివ్, పల్లీ నూనెలు ఫ్రిజ్‌లో చిక్కబడతాయి, రిఫైన్డ్ పల్లీ నూనె కూడా. కనోలా, సోయా ద్రవంగానే ఉంటాయి. ఇంకోమాట, ఇది ఇటాలియన్ కాదు. ఇటలీలో ఆకుల మీద నూనె, వెనిగర్, ఉప్పు వేసి కలుపుకుంటారు, అంతే. ఇది అమెరికా సరుకు. సీసాల్లో అమ్మే విష్‌బోన్ బ్రాండ్ వాళ్లది 1948లో కాన్సస్ సిటీలోని ఒక రెస్టారెంట్‌లో మొదలైంది.

గానుగే_ముద్దు: ఆ రెస్టారెంట్ ఓనర్ తల్లిది సిసిలీ. మరి ఇటాలియన్ కాకేమిటి?

పాత_జెర్సీ: మా అమ్మది గుంటూరు. నేను కాల్చే బర్గర్ ఆంధ్ర వంట అవుతుందా?

మీనాక్షి_కిచెన్: అడిగింది ఏ నూనె అని.

అద్దెగది_వంట: ఇంట్లో ఉన్న నూనే అక్కా. అమ్మ పంపిన గానుగ పల్లీ నూనె.

మీనాక్షి_కిచెన్: అదీ సంగతి. ఆ వాసన ముందు ఒరెగానో నిలవదు. దాన్ని పోపులకి ఉంచుకో. ముప్పావు కప్పు కనోలా, పావు కప్పు తెల్ల వెనిగర్, పుల్లగా కావాలంటే ఇంకో రెండు చెంచాలు. అర చెంచా ఆవపిండి ముందు వెనిగర్‌లో కలుపు, నూనె, వెనిగర్ కాసేపు విడిపోకుండా అదే పట్టి ఉంచుతుంది. చెంచా ఒరెగానో, చెంచా చక్కెర, ముప్పావు చెంచా ఉప్పు, మిరియాల పొడి. మూతున్న సీసాలో వేసి గట్టిగా ఊపు. తర్వాత విడిపోతే మళ్లీ ఊపు. కొనే సీసాలో విడిపోనిది చిక్కదనానికి వేసే గ్జాంథన్ గమ్ వల్ల, లేబుల్ చూడు. పిజ్జాతో వచ్చే ఒరెగానో పొట్లాలు పారెయ్యకు.

పచ్చి వెల్లుల్లి వద్దు, పొడి వెయ్యి. నూనెలో మునిగిన పచ్చి వెల్లుల్లి బయట ఉంచితే బోటులిజం (ప్రాణం మీదికి తెచ్చే ఆహార విషం) ప్రమాదం. వేసి ఉంటే ఫ్రిజ్‌లోనే పెట్టి మూడు నాలుగు రోజుల్లో అయిపోగొట్టు.

గానుగే_ముద్దు: కనోలా అంటే అసలేంటో తెలుసా మేడమ్? ఆవాల చుట్టం. ఆవపిండి కూడా వేస్తున్నారు కదా, నేరుగా గానుగ ఆవనూనే పోస్తే సరి.

పాత_జెర్సీ: ఇక్కడ అమెరికాలో ఆవనూనె సీసా మీద ‘ఒంటికి రాసుకోవడానికి మాత్రమే’ అని ఉంటుంది సార్. అందులోని ఎరూసిక్ యాసిడ్ అనే కొవ్వు ఆమ్లం గుండెకు మంచిది కాదేమోనన్న అనుమానం వల్ల. కనోలాలో అది బాగా తగ్గించారు.

గానుగే_ముద్దు: దాని మీద వేరే పోస్టు పెడతా.

అద్దెగది_వంట: కనోలాతో వచ్చింది. థాంక్స్ అక్కా.

కొత్త_సభ్యుడు: వెనిగర్ బదులు నిమ్మరసం పోయొచ్చా?