ఇంగ్లీషు 'బై' ఒకే వాక్యంలో రెండుసార్లు వచ్చింది, అర్థం చెప్పగలరా?

మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట దగ్గర. వనామి రొయ్యల చెరువుకి రోజుకి 100 కిలోల మేత, నాలుగు పూటలుగా వేస్తున్నాం. మా టెక్నీషియన్ ఇవాళ మంగళవారం పొద్దున వాట్సాప్‌లో 'రెడ్యూస్ ఫీడ్ బై 30 పర్సెంట్ బై ఫ్రైడే' అని పెట్టాడు. అప్పట్నుంచి ఫోన్ స్విచాఫ్.

డిక్షనరీ చూస్తే పక్కన, చేత, ద్వారా, లోపు అని వరసగా ఉన్నాయి. ఫోన్‌లో అనువాదం చేస్తే '30 శాతం ద్వారా' అని వచ్చింది, అదేం తెలుగో! మనకి తెలిసిన బై అంతా వన్ బై టూ టీ, లేదంటే లెక్కల్లో భాగహారం.

మా పక్క చెరువాయన డిగ్రీ చదివాడు. మొదటి 'బై'కి 30 శాతం తగ్గించి 70 కిలోలు వెయ్యమని అర్థమట, 30 కిలోలకి దించమనాలంటే 'టు' రాసేవాడట. అది సరే, నాకూ నమ్మకం కుదిరింది. రెండో 'బై' దగ్గరే ఆయనా తేల్చలేకపోయాడు. మేత విషయం కదా, ఊరికే ఊహించి వెయ్యాలంటే టెన్షన్‌గా ఉంది.

'బై ఫ్రైడే' అంటే శుక్రవారం నుంచి తగ్గించడం మొదలుపెట్టాలనా, లేక శుక్రవారం వచ్చేసరికే 70 కిలోలకి దిగిపోవాలనా?