పెళ్ళయ్యాక, పిల్లలు పుట్టాక సాఫ్ట్‌వేర్ మానేస్తున్నారు: కారణం ఇల్లా, ఆఫీసా?

రావులపాలెం_రాజు:
మన వైపు ఏ ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్ళినా సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) క్లాసుల్లో ఆడపిల్లలకి కొదవ లేదు. దేశం మొత్తం మీద సైన్సు, ఇంజనీరింగు డిగ్రీలు తీసుకునేవాళ్ళలో నలభై శాతానికి పైగా అమ్మాయిలే. ఐటీ ఉద్యోగుల్లో మూడో వంతు పైన వాళ్ళే. తీరా మేనేజర్ల దాకా వచ్చేసరికి పల్చబడిపోతారు. ఏమైందని మా వీధిలో అడిగితే ఒకటే జవాబు: "పిల్లాడి కోసం మానేసిందండి." నాకూ అదే నిజమనిపిస్తుంది. ఇష్టపడి మానేసినవాళ్ళ మీద మనం జాలి పడటం ఎందుకు? కాదనేవాళ్ళు చెప్పండి.

పెనుగొండ_పెదబాబు:
బాగా అడిగారు రాజు గారూ. మా కోడలు మానేసింది. ఎవరూ మానమనలేదండి. కంపెనీ జీతంతో ఆరు నెలలు సెలవు కూడా ఇచ్చింది. ఆ తర్వాత? ఇద్దరూ రాత్రి పదకొండింటికి కాల్స్‌లో కూర్చుంటే పసివాణ్ణి చూసేదెవరు? మేం వెళ్ళి ఉందామంటే ఇక్కడ చేలు, రొయ్యల చెరువు. రాత్రి కరెంటు పోయి, చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి పంట తేలిపోతుంది. ఆ అమ్మాయే ఆలోచించుకుని పేపర్లు వేసేసింది. ఇందులో ఆఫీసు తప్పేముంది, మా తప్పేముంది?

మాజీ_హెచ్చార్_కాకినాడ:
మానేసి వెళ్ళేవాళ్ళతో ఎగ్జిట్ ఇంటర్వ్యూలు చేసిన దాన్ని కాబట్టి ఒక మాట. రాజీనామాలో ఆడవాళ్ళు దాదాపు అందరూ "కుటుంబ కారణాలు" అనే రాస్తారు. దాన్ని పట్టుకుని కారణం ఇల్లే అంటే ఎలా? రిలీవింగ్ లెటర్ మా చేతిలో ఉంటుంది. రేపు ఇంకో కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కి ఫోన్ చేసేదీ మాకే. అలాంటప్పుడు "మా మేనేజర్ నన్ను పక్కన పెట్టాడు" అని ఎవరు రాస్తారు? కుటుంబం అని రాస్తే ఎవరికీ నొప్పి లేదు. మేనేజర్‌కి మచ్చ రాదు, కంపెనీ మారక్కర్లేదు, ఇంట్లో అత్తమామలు కూడా మెచ్చుకుంటారు. అందరికీ అనుకూలమైన జవాబు కాబట్టే మీ వీధి దాకా అదే వచ్చింది రాజు గారూ.

తణుకు_టెస్టర్:
ఆరు నెలల సెలవు అన్నారు కదా పెదబాబు గారూ, అది కంపెనీ దయ కాదండి. 2017లో ప్రసూతి సెలవు చట్టం సవరించి 12 వారాలని 26 వారాలు చేశారు. యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలనీ అప్పుడే పెట్టారు. సెలవులో జీతం మాత్రం మొత్తం యజమానే భరించాలి. దాంతో పెళ్ళయిన అమ్మాయిని తీసుకునేటప్పుడే కొందరు మేనేజర్లు మనసులో లెక్కలు వేసుకుంటారు.

నా సంగతి చెప్తాను. సెలవు నుంచి వచ్చేసరికి నా ప్రాజెక్టులో వేరేవాళ్ళున్నారు. నన్ను బెంచ్ మీద, అంటే ఏ ప్రాజెక్టూ లేకుండా, కూర్చోబెట్టారు. తర్వాత ఇచ్చింది రాత్రి షిఫ్టు సపోర్టు పని. క్రెష్ ఉంది, కాదనను. అది మెయిన్ క్యాంపస్‌లో ఉంది, నన్ను వేసింది నగరానికి అటు చివర క్లయింట్ ఆఫీసులో. ఏడాది చివర రేటింగ్ తగ్గించి "ఈ సంవత్సరం నీ పని తక్కువ కదా" అన్నారు. సగం ఏడాది చట్టప్రకారం సెలవులో ఉన్నదాన్ని, ఎక్కువెలా ఉంటుంది? అప్పుడు మానేశాను. అందరికీ చెప్పింది మాత్రం పాప కోసమనే.

భీమవరం_బుల్లోడు:
మగాళ్ళకి మాత్రం టెన్షన్ లేదా అండీ? మాకూ బెంచే, మాకూ రాత్రి షిఫ్టే. తేడా అల్లా మాకు మానేసే దారి లేకపోవడం. నేను ఉద్యోగం మానేస్తానంటే పిల్లనిచ్చిన మామ ఊరుకుంటాడా? ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి: రాత్రింబగళ్ళు కోడ్ రాసే ఓపిక, పిచ్చి మగాళ్ళకే ఎక్కువేమో. అమెరికాలో కూడా ఆడవాళ్ళు తక్కువేగా?

మాజీ_హెచ్చార్_కాకినాడ:
కోపం లేదు గానీ ఆ అమెరికా లెక్కే మీకు అడ్డం తిరుగుతుంది. 1980ల నడుమ అక్కడ కంప్యూటర్ సైన్స్ డిగ్రీల్లో 37 శాతం దాకా అమ్మాయిలవి. తర్వాత పాతికేళ్ళలో అది సగానికి పడిపోయింది. పాతికేళ్ళలో పుట్టుక గుణం మారదు కదా! అక్కడి తొలితరం కంప్యూటర్ ఎనియాక్‌కి 1940లలో మొదటగా ప్రోగ్రాములు తయారుచేసిన ఆరుగురూ ఆడవాళ్ళే. పైగా అక్కడి సమస్య చేరకపోవడం, మనది చేరాక వెళ్ళిపోవడం. రెంటినీ కలిపి మాట్లాడితే ఎటూ తేలదు.

మగాళ్ళకి మానేసే దారి లేదన్న మీ మాట మాత్రం ఆలోచించాల్సిందే. 2023లో అర్థశాస్త్రం నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ చెప్పింది దానికి దగ్గరగానే ఉంటుంది. ఎప్పుడు పిలిస్తే అప్పుడు పలికే ఉద్యోగికి కంపెనీ ఎక్కువ ముట్టజెబుతుంది. పిల్లలున్న ఇంట్లో అలా పలకడం ఇద్దరికీ కుదరదు, ఒకరు తగ్గాలి. ఎవరి జీతం తక్కువైతే వాళ్ళు తగ్గుతారు. మరి మనం సంబంధాలు చూసేటప్పుడు అబ్బాయి వయసులోనూ జీతంలోనూ ఒక మెట్టు పైనుండాలంటాం కదా? ఎవరు మానాలో పెళ్ళిచూపుల నాడే తేలిపోయిందన్నమాట. మీరు మానలేకపోవడం, మీ ఆవిడ మానాల్సిరావడం ఒకే లెక్కలోంచి వచ్చాయి.

రావులపాలెం_రాజు:
అయితే వర్క్ ఫ్రం హోం ఇస్తే సరిపోతుంది. కరోనా రోజుల్లో మా అత్తారి ఊళ్ళో కాలవ గట్టు ఇళ్ళల్లోంచి అమ్మాయిలు చక్కగా పని చేశారు. 2022-23లో మగవాళ్ళ కంటే ఆడవాళ్ళే ఎక్కువగా మానేశారని టీసీఎస్ తన వార్షిక నివేదికలోనే చెప్పుకుంది. వర్క్ ఫ్రం హోం ముగియడం కారణం కావచ్చని వాళ్ళ అప్పటి హెచ్చార్ అధిపతి మిలింద్ లక్కడ్ అన్నారు.

కోనసీమ_కోడలు:
అలా పని చేసినవాళ్ళలో నేనొకత్తిని. చక్కగా అన్నారే, అక్కడే నాకు అభ్యంతరం. ఇంట్లో ఉన్నదాన్ని ఇంటి మనిషిగానే చూస్తారు. స్క్రీన్ షేర్ చేస్తుంటే వెనక నుంచి "ఖాళీగానే ఉన్నావుగా, పాలు పొంగుతాయేమో చూడు" అంటారు. మా ఆయన కాల్‌లో ఉంటే మాత్రం ఇంట్లో టీవీ సౌండు కూడా తగ్గిస్తారు. కేంద్రం 2024లో చేయించిన సమయ వినియోగ సర్వేలో, ఇంటి పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. ఆ నిమిషాలు కదలకుండా ఆఫీసుని ఇంటికి తెస్తే రెండూ ఒకేసారి నెత్తిన పడతాయి.

ఇది మనకి కొత్తేం కాదు. నర్సాపురం చుట్టుపక్కల మన అమ్మమ్మలు లేసు అల్లారు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1970ల చివర్లో వచ్చి వాళ్ళ పని చూసింది. ఆ సరుకు విదేశాలకి వెళ్ళేది. అల్లినవాళ్ళని మాత్రం గృహిణులనేవారు, తీరిక వేళ అల్లుకుంటున్నారనేవారు. ఆ పేరు చెప్పే కూలి కారుచవగ్గా ఇచ్చేవారు. ల్యాప్‌టాప్‌కీ ఆ పేరు రాకుండా ఉండాలంటే ఇంటి నుంచి పని మగవాళ్ళూ చేయాలి, ప్రమోషన్లు ఇచ్చేటప్పుడు ఆఫీసులో కనబడ్డామా లేదా అని చూడకూడదు.

పెనుగొండ_పెదబాబు:
అమ్మా, మీరంతా చెప్పింది విన్నాను. అయినా పిల్లాడి దగ్గరుండాలనుకునే తల్లి ఉండదంటారా? మా కోడలు ఇప్పుడు సంతోషంగానే ఉంది. మీ లెక్కల్లో ఆమెకి చోటు లేదు.

తణుకు_టెస్టర్:
ఉంటుందండి, ఎందుకుండదు. కోరి మానేసినవాళ్ళని నేను తప్పు పట్టను. నా పేచీ తిరిగొచ్చే దారి గురించి. మీ అబ్బాయి మూడేళ్ళు ఏదైనా కోర్సు చేసి వస్తే "పై చదువు" అంటారు. మీ కోడలు మూడేళ్ళు పిల్లాణ్ణి పెంచి వస్తే "గ్యాప్" అంటారు. గేటు ఒక వైపే తెరుచుకుంటుంటే అది పూర్తిగా ఆమె ఇష్టమని నేను ఒప్పుకోను.

పెనుగొండ_పెదబాబు:
సరే, అది వేరే సంగతి. వచ్చే ఏడు మనవడు బడికి వెళ్తాడు. మళ్ళీ చేరతానని మొన్న తనే అంది. ఏం చేయమంటారు?

మాజీ_హెచ్చార్_కాకినాడ:
గ్యాప్ దాచొద్దని చెప్పండి. పీఎఫ్ ఖాతాలో తేదీలన్నీ కనబడతాయి, దొరికిపోతే ఆఫర్ పోతుంది. తను చేసింది మాన్యువల్ టెస్టింగ్ (సాఫ్ట్‌వేర్‌ని చేత్తో పరీక్షించడం) అయితే ముందు ఆటోమేషన్ (ఆ పరీక్షల్ని ప్రోగ్రాములతో చేయించడం) నేర్చుకోమనండి, పాత పని బాగా తగ్గిపోయింది. కొన్ని పెద్ద కంపెనీలు విరామం తర్వాత వచ్చే ఆడవాళ్ళకి విడిగా ప్రోగ్రాములు పెడుతున్నాయి, వాటిల్లో ప్రయత్నించవచ్చు. అన్నిటికంటే ముఖ్యం జీతం. మానేసిన నాటి జీతం అడిగి దానికి కాస్త కలిపి ఇస్తామంటారు. ఆ మాట మీద సంతకం పెట్టొద్దనండి. ఆ పోస్టుకి ఇవాళ బయట ఎంతిస్తున్నారో కనుక్కుని అంత అడగమనండి.