శిక్ష అంటే దండనేనా?

మొన్న ఆదివారం చర్చిలో హెబ్రీ పత్రిక 12వ అధ్యాయం చదివారు: ‘ప్రభువు తాను ప్రేమించువానిని శిక్షించి...’ ఇంటికొచ్చాక మా అమ్మాయి, “ప్రేమించినవాళ్లకే శిక్షయితే మిగతావాళ్లే నయం కదా నాన్నా!” అంది. నవ్వొచ్చింది గానీ జవాబు తోచలేదు. ఇక్కడ ‘శిక్ష’ సరైన మాటేనా?

జవాబు: మాట సరైనదేనండీ, మనమే దాన్ని మార్చుకున్నాం. గ్రీకులో అక్కడున్నది ‘పైదెయువో’. ‘పైస్’ అంటే పిల్లవాడు, దాంట్లోంచి వచ్చింది. పెంచడం, నేర్పడం, దిద్దడం అన్నీ అందులోనే. సంస్కృతంలోనూ శిక్ష అంటే చదువే, వేదాంగాల్లో శిక్ష ఉచ్చారణ నేర్పే శాస్త్రం. మన తెలుగులో ‘శిక్షణ’ బడికి పోయింది, ‘శిక్ష’ జైలుకు పోయింది. ఎఫెసీ 6:4లో పౌలు, పిల్లలకు కోపం రేపకుండా ప్రభువు ‘శిక్షలోను బోధలోను’ పెంచమంటాడు. కోర్టు అర్థంతో చదివితే ఆ వాక్యం నిలబడదు. బైబిల్లోని సామెతల గ్రంథంలో ఒకే హీబ్రూ మాట ‘మూసార్’ తెలుగులో 1:8లో ‘ఉపదేశము’ అయింది, 3:11లో ‘శిక్ష’ అయింది. హెబ్రీ పత్రిక ఎత్తి చెప్పింది ఈ రెండో చోటునే.

జవాబు: మరీ తీపి చేయకండి మాస్టారూ. చర్చిలో చదివిన ఆ హెబ్రీ వచనంలోనే పక్కన ‘దండించును’ ఉంది. గ్రీకులో అది కొరడా దెబ్బే. హెబ్రీ 12:11లో ‘అభ్యాసము’ అన్నచోట గ్రీకు మాట వ్యాయామశాలది. ఒళ్లు నొప్పి తప్పదు.

జవాబు: గలతీ 6:1 కూడా చూడండి. తప్పులో చిక్కినవాణ్ణి సాత్వికంగా ‘మంచిదారికి తీసికొని రావలెను’. ఆ గ్రీకు క్రియే మత్తయి 4:21లో, జెబెదయి కొడుకులు వలలు బాగుచేసుకునేచోట వస్తుంది. మాది చేపలు పట్టే ఊరు. మా తాత చిరిగిన వలని ఒళ్లో వేసుకుని, ముందు చిరుగు చుట్టూ నలిగిన దారాలు కోసేసేవాడు. కన్నం ఇంకా పెద్దదయ్యేది! ఆ తర్వాత గట్టి దారం దగ్గర మొదలుపెట్టి ఒక్కో కన్నూ అల్లుకొచ్చేవాడు. నేనెరిగిన ఒక సంఘంలో ఒకాయన్ని తప్పు చేశాడని ప్రభువు బల్లకు, అంటే చర్చిలో అందరూ కలిసి రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆచారానికి, దూరం పెట్టారు. కోయడం వరకు అయింది. అల్లడానికి మాత్రం ఏళ్లు గడిచినా ఆయన గడప ఎవరూ తొక్కలేదు.

అడిగినవారు: థాంక్సండీ. అమ్మాయికి వల సంగతే చెప్తాను. ఇంతకీ, ఆ నలిగిన దారాలు కోసేయడానికి మీవైపు వేరే మాటేదైనా ఉందా?