ట్రావెల్ ట్రైలర్ రూఫ్ మీద సోలార్ ప్యానెళ్లు: గాలికి లేవకుండా, నీరు కారకుండా బిగించడం ఎలా?

ప్లేనో_ప్రయాణం అడిగినది:

అందరికీ నమస్కారం. మాది 25 అడుగుల ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక కట్టి లాక్కెళ్లే చక్రాల ఇల్లు), 2021 మోడల్. రూఫ్ మీద తెల్ల రబ్బరు పొర, దాని కింద 3/8 అంగుళాల ప్లై, ఆ కింద 16 అంగుళాలకొక చెక్క రాఫ్టర్ (రూఫ్‌ని మోసే దూలం). రెండు 200 వాట్ల ప్యానెళ్లు (ఒక్కోటి 58 × 27 అంగుళాలు, 26 పౌండ్లు), విక్ట్రాన్ 100/30 ఎంపీపీటీ కంట్రోలర్ (ప్యానెళ్ల కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు మార్చే పెట్టె), 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ కొన్నాను. ప్యానెల్‌కి నాలుగు చొప్పున జెడ్ బ్రాకెట్లు (Z ఆకారపు బిగింపు పట్టీలు) కూడా వచ్చాయి.

ఇబ్బంది ఏంటంటే, ప్యానెల్ ఫ్రేమ్‌లో ఉన్న రంధ్రాల ప్రకారం పెడితే నాలుగు బ్రాకెట్లలో ఒకటో రెండో రాఫ్టర్ మీద పడతాయి, మిగతావి ఉత్త ప్లై మీదే. ప్లైకి బిగించి పైన సీలెంట్ పోస్తే చాలని కొందరు, అసలు చిల్లులే వద్దు వీహెచ్‌బీ టేపుతో (రెండు వైపులా అంటే గట్టి టేపు) అతికించమని కొందరు చెబుతున్నారు. హైవే మీద 65 మైళ్ల వేగం, పైగా టెక్సాస్ ఎదురుగాలి. ఫ్రిజ్ 12 వోల్టుల కంప్రెసర్ రకం కాబట్టి రూఫ్ మీద ఫ్రిజ్ వెంట్ లేదు. వైర్లు లోపలికి ఎక్కడి నుంచి దించాలో కూడా చెప్పగలరా?

రైలు_బందీ:

ముందు గాలి లెక్క చూద్దామండీ, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. గాలి ఒత్తిడి చదరపు అడుగుకి పౌండ్లలో కావాలంటే వేగాన్ని (గంటకి మైళ్లలో) దానితోనే గుణించి 0.00256తో గుణించాలి. మీ 65కి 25 మైళ్ల ఎదురుగాలి కలిస్తే 90. అంటే చదరపు అడుగుకి సుమారు 21 పౌండ్లు. మీ ప్యానెల్ దాదాపు 10.9 చదరపు అడుగులు, కాబట్టి ఒక్కోదాని మీద 225 పౌండ్ల దాకా. రూఫ్‌కి సమాంతరంగా పడుకున్న ప్యానెల్‌కి నిజంగా అంత ఎత్తుడు రాదు, కానీ బిగింపు ఈ అంకెకి తట్టుకునేలా ఉండాలి. ఆ బరువు నాలుగు కాళ్లకీ సమానంగా పడదు. ముందు అంచు కిందికి గాలి దూరినప్పుడు ముందు రెండు కాళ్లే ఎక్కువ మోస్తాయి.

ఇక స్క్రూ పట్టు. 10వ నంబరు చెక్క స్క్రూకి స్ప్రూస్ లాంటి మెత్తని చెక్కలో అంగుళం లోతు మరకి అనుమతించే లాగుడు బలం సుమారు 95 పౌండ్లు. 3/8 ప్లైలో ఆ మరకి దొరికేది 0.375 అంగుళమే, అంటే 35 పౌండ్ల చిల్లర. ఈ అంకెల్లో భద్రత వాటా కలిసే ఉంది, నిజమే. కానీ ఆ లెక్క ఆరోగ్యంగా ఉన్న చెక్కకి. ఒక్కసారి తడిసిన ప్లైకి అది వర్తించదు. పైగా రోడ్డు కుదుపు రోజంతా ఉంటుంది, పలచటి ప్లైలో మర మెల్లగా పొడి చేసుకుంటూ వదులవుతుంది.

కాబట్టి కాళ్లు ఎక్కడ పడాలో ప్యానెల్ రంధ్రాలని నిర్ణయించనివ్వకండి. జెడ్ బ్రాకెట్లు పక్కన పెట్టి రెండు అల్యూమినియం రైళ్లు (ప్యానెళ్లని మోసే పొడవాటి కడ్డీలు) తీసుకోండి. ఇళ్ల రూఫ్ సోలార్‌కి వాడేవే. ట్రైలర్‌లో రాఫ్టర్లు అడ్డంగా ఉంటాయి, రైళ్లని ట్రైలర్ పొడవునా వేయండి. అప్పుడు రైలు ప్రతి 16 అంగుళాలకీ ఒక రాఫ్టర్‌ని దాటుతుంది, కాలు సరిగ్గా అక్కడే పెట్టొచ్చు.

మీ కొలతలతో: ప్యానెళ్ల పొడవు వైపు ట్రైలర్‌కి అడ్డంగా, ఒకదాని వెనక ఒకటి. రెండు వెడల్పులు, మధ్య క్లాంప్ (ప్యానెల్ ఫ్రేమ్‌ని రైలుకి పట్టి ఉంచే బిగింపు) సందు కలిపి 55 అంగుళాలు. రైలు 60 అంగుళాలు కోస్తే రెండు చివర్లా ఎండ్ క్లాంప్‌కి చోటు మిగులుతుంది. రైళ్ల మధ్య దూరం 34 అంగుళాలు, అంటే ప్యానెల్ చివరల నుంచి 12 అంగుళాలు లోపలికి. క్లాంపులు ఎక్కడ పట్టాలో మీ ప్యానెల్ కాగితంలో ఉంటుంది, అది ఒకసారి చూసుకోండి. రైలుకి నాలుగు ఎల్ కాళ్లు (రైలుని రూఫ్‌కి బిగించే L ఆకారపు ముక్కలు), మొత్తం 8. కాలుకి రెండు స్క్రూలు, మొత్తం 16. చివర్లకి ఎండ్ క్లాంపులు 4, రెండు ప్యానెళ్ల మధ్యకి మిడ్ క్లాంపులు 2. ఫ్రేమ్ మందం 30 మిల్లీమీటర్లా 35 మిల్లీమీటర్లా అన్నది కొలిచాకే క్లాంపులు కొనండి, ఇక్కడ తప్పు సైజు తెచ్చుకునేవాళ్లు చాలామంది.

రాఫ్టర్ వెడల్పు సాధారణంగా అంగుళంన్నర మాత్రమే. ఎల్ కాలు రెండు రంధ్రాలూ రాఫ్టర్ వెంట, అంటే ట్రైలర్‌కి అడ్డంగా ఉండాలి. చదరపు నాలుగు రంధ్రాల కాలు కొంటే రెండు స్క్రూలు ఉత్త ప్లైలోకే పోతాయి.

ఇంకోటి, మీ రూఫ్ మధ్యలో కొంచెం ఉబ్బి ఉంటుంది. రైళ్లు మధ్య గీతకి రెండు పక్కలా సమదూరంలో లేకపోతే ప్యానెల్ ఒరుగుతుంది. అంతా పెట్టాక ప్యానెల్ నడిమికీ రూఫ్‌కీ మధ్య కనీసం అంగుళంన్నర గాలి ఆడాలి. వేడి పెరిగితే ప్యానెల్ ఇచ్చే పవర్ తగ్గుతుంది: 25 డిగ్రీల సెల్సియస్ దాటాక ప్రతి డిగ్రీకీ సుమారు 0.35 శాతం. సెల్ 65 డిగ్రీలకి చేరితే 14 శాతం పోయినట్టే.

ఫైబర్_పక్షం:

వీహెచ్‌బీ టేపు గురించి. టేపుది తప్పు లేదు, తప్పు చోటు సలహా అది. కాసిటా, స్కాంప్ లాంటి అచ్చు ఫైబర్‌గ్లాస్ ట్రైలర్లకి అది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ పైతొక్కే గోడ. మీ రూఫ్‌లో టేపు పట్టుకునేది రబ్బరు పొరని. ఆ పొర ప్లైకి జిగురుతో మాత్రమే అంటుకుని ఉంది. టేపు ఊడదు, పొరే బుడగలా లేచి చిరుగుతుంది. అప్పుడు ప్యానెల్‌తో పాటు రూఫ్ కూడా పోయినట్టు.

ఒంగే పలచని ప్యానెళ్లు అతికించమనే సలహా కూడా రావచ్చు. కింద గాలి ఆడక కాలిపోయేంత వేడెక్కుతాయి, కొన్నేళ్లకే పొరలు విడిపోతాయి. మీరు కొన్న గట్టి ఫ్రేమ్ ప్యానెళ్లే నయం.

ప్లేనో_ప్రయాణం:

రైలు పద్ధతి అర్థమైంది, చాలా థాంక్సండీ. రబ్బరు పొర మీద నుంచి రాఫ్టర్ ఎక్కడుందో కచ్చితంగా ఎలా తెలుస్తుంది? స్టడ్ ఫైండర్ ఒక్కోసారి ఒక్కోచోట చూపిస్తోంది. స్క్రూ ఎంత పొడవు తీసుకోవాలి?

డైకోర్_మామ:

స్టడ్ ఫైండర్‌ని నమ్మొద్దు బాబూ. చిన్న నియోడిమియం అయస్కాంతం తీసుకుని రూఫ్ మీద మెల్లగా జరుపు. ప్లైని రాఫ్టర్‌కి కొట్టిన స్క్రూలు, పిన్నులు లాగుతాయి. ఒక్కటి దొరికితే చాలదు, ఒకే అడ్డగీతలో రెండు మూడు దొరికితేనే రాఫ్టర్ అనుకో. తర్వాత లోపలికి వెళ్లి 14 అంగుళాల ఫ్యాన్ వెంట్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం విప్పు, చెక్క అంచులూ రూఫ్ మందమూ కంటికి కనిపిస్తాయి. అక్కడి నుంచి టేపుతో 16 అంగుళాల చొప్పున కొలిచి అయస్కాంతం గుర్తులతో సరిపోల్చు. రెండూ కలవని చోట చిల్లు పెట్టకు. తయారీదారుకి ట్రైలర్ సీరియల్ నంబరు పంపితే కొందరు రూఫ్ డ్రాయింగ్ ఇస్తారు, అడగడంలో పోయేదేం లేదు.

పైకి ఎక్కేముందు ట్రైలర్ వెనక నిచ్చెన ఉందా చూడు. ఉంటే సాధారణంగా నడవగల రూఫే. అయినా మోకాళ్ల కింద ప్లై ముక్క వేసుకో. వెంట్ల చుట్టూ, మూలల్లో బొటనవేలితో నొక్కుతూ పో. ఎక్కడైనా మెత్తగా దిగితే సోలార్ పని ఆపి ముందు ఆ ప్లై మార్చాలి.

స్క్రూ: 10వ నంబరు, స్టెయిన్‌లెస్, అంగుళంన్నర. కాలు మందం, దాని కింద నలిగిన బ్యూటైల్ (మెత్తని జిగురు టేపు) పోను ప్లై దాటి రాఫ్టర్‌లోకి ముప్పావు అంగుళం పైనే దిగుతుంది. జింకు పూత స్క్రూలు వద్దు, సీలెంట్ కిందే తుప్పు పడతాయి.

పొర ఏదో తేల్చుకో. వెంట్ అంచు దగ్గర అడుగు నల్లగా, పైన తెల్లగా ఉంటే ఈపీడీఎం రకం రబ్బరు. చేత్తో రుద్దితే సుద్దలా తెల్లపొడి వచ్చేదీ అదే. అడుగూ తెల్లగానే ఉంటే టీపీఓ అనే ఇంకో రకం పొర అయ్యుంటుంది. ఈపీడీఎం మీద పెట్రోలియం ద్రావకాలు తగలకూడదు, రబ్బరు ఉబ్బుతుంది. గిన్నెల సబ్బు నీళ్లతో కడుగు, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు, చాలు.

సీలింగ్ ఇలా. రైలుకి కాళ్లు వదులుగా తగిలించి, రూఫ్ మీద పెట్టి, గుర్తు పెట్టుకుని తీసెయ్. 7/64 అంగుళాల బిట్‌తో చిల్లు, బిట్ మీద లోతు గుర్తుగా టేపు చుట్టు. కాలు అడుగున బ్యూటైల్ టేపు పూర్తిగా, రంధ్రాల మీద కూడా. చిల్లులో ఒక బొట్టు సీలెంట్. స్క్రూ చివరి రెండు మూడు చుట్లు చేత్తోనే తిప్పు. డ్రిల్లుతో బిగిస్తే మర తెగిపోయి స్క్రూ ఉత్తినే తిరుగుతుంది, ఆ చిల్లు ఇక పనికిరాదు. బ్యూటైల్ నాలుగు వైపులా పిండుకుని బయటికి రావాలి. అర్ధగంట ఆగి మళ్లీ కొంచెం బిగించు, పిండుకున్నది ప్లాస్టిక్ పలకతో గీకెయ్. ఆ తర్వాతే దాని మీద డైకోర్ 501 సెల్ఫ్ లెవెలింగ్ సీలెంట్: స్క్రూ తలలు పూర్తిగా మునగాలి, కాలు అంచు నుంచి అర అంగుళం బయటికి రావాలి. అది నీళ్లలా పారుతుంది, రూఫ్ పక్క వాలులో పోస్తే గోడ మీదికి కారుతుంది. వాలులో పారని రకం వాడు. ఎనిమిది కాళ్లకీ, వైర్ ప్రవేశానికీ కలిపి మూడు నాలుగు ట్యూబులు దగ్గర ఉంచుకో. చలిలో ఈ పని పెట్టుకోకు, సీలెంట్ సరిగా పరుచుకోదు.

సిలికాన్ మాత్రం ముట్టుకోకు. ఈ రబ్బరుకి సరిగా అంటదు, దాని మీద తర్వాత ఇంకేదీ అంటదు.

ఓం_సూత్రం:

వైర్ల సంగతి. ఫ్రిజ్ వెంట్ లేదు కనక రెండు వైర్ల కేబుల్ ఎంట్రీ బాక్సు కొనండి. బట్టల అలమరా లేదా ప్యాంట్రీ పైభాగం ఎంచుకోండి, వైరు గోడ మూలలో దాక్కుంటుంది. ముందు లోపలి నుంచి సన్న బిట్‌తో పైకి ఒక చిల్లు వేసి, పైన ఎక్కడ తేలిందో చూశాకే పెద్దది వేయండి. బాక్సు నోరు ట్రైలర్ వెనక్కి ఉండాలి. ముందుకు ఉంటే హైవే మీద వాన నేరుగా లోపలికి కొడుతుంది. రూఫ్ మీద వైరు ఊగకూడదు, గాలికి కొట్టుకుంటూ రబ్బరుని ఆకురాయిలా అరగదీస్తుంది. అడుగుకొకచోట కట్టండి.

ఎండలో ఉండే వైరు 10 గేజ్ పీవీ (సోలార్) రకం. 30 అడుగులు వెళ్లి రావడానికి 60 అడుగులు, నిరోధం 0.06 ఓం. ప్యానెళ్లు సమాంతరంగా కలిపితే 20 ఆంపియర్లకి 1.2 వోల్టులు వైర్లోనే పోతాయి. శ్రేణిలో కలిపితే 10 ఆంపియర్లే, పోయేది 0.6 వోల్టు, అదీ 40 చిల్లర వోల్టుల్లోంచి. ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ (ఏమీ కలపనప్పుడు ప్యానెల్ చూపే వోల్టేజీ) ఒక్కోటి 24 అయితే రెండూ 48. మైనస్ 20 సెల్సియస్ చలికి 1.18తో గుణించినా 57, మీ కంట్రోలర్ హద్దు 100. కాబట్టి శ్రేణి. ప్యానెళ్లని రూఫ్ మీది ఏసీకి చెరో పక్కా పెట్టి ఒకదాని మీద ఎప్పుడూ నీడ పడే పరిస్థితైతే మాత్రం సమాంతరం.

నీడ లెక్క కూడా చూడండి. డిసెంబరు చివర్లో డాలస్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు 34 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. 12 అంగుళాల ఏసీ నీడ 18 అంగుళాలు పడుతుంది, ఉదయం సాయంత్రం ఇంకా పొడవు. ఏసీ నుంచి కనీసం 20 అంగుళాలు వదలండి.

కంట్రోలర్ నుంచి బ్యాటరీకి 8 గేజ్, బ్యాటరీ పక్కనే 40 ఆంపియర్ ఫ్యూజు. ముందు బ్యాటరీ కలపండి, తర్వాతే ప్యానెల్. విప్పేటప్పుడు దీనికి తిరగేసి. ట్రైలర్ పక్కన సోలార్ ప్లగ్గు ముందే ఉంటే మల్టీమీటర్‌తో ప్లస్ మైనస్ చూడకుండా వాడొద్దు, కొన్నింట్లో అవి తారుమారుగా ఉంటాయి.

రైలు_బందీ:

ఒకటి మర్చిపోయాను. క్లాంప్ బోల్టులన్నీ బిగించాక బోల్టు మీద నుంచి రైలు దాకా పెయింట్ పెన్నుతో ఒక గీత గీయండి. గీత తప్పితే బోల్టు తిరిగినట్టే, స్పానర్ పట్టకుండానే చూడగానే తెలిసిపోతుంది. మొదటి 50 మైళ్లకి ఆగి చూడండి, తర్వాత 90 రోజులకోసారి సీలెంట్‌తో పాటు చూస్తే సరిపోతుంది. చాలా ట్రైలర్ల మాన్యువల్ రూఫ్ తనిఖీకి పెట్టే గడువూ అదే. వారంటీ ఇంకా ఉంటే చిల్లు పెట్టేముందు ఆ షరతులు చదవండి.

టైర్ల మీద 65 మైళ్ల హద్దు ఉందేమో కూడా చూసుకోండి. కొన్ని ఎస్‌టీ (ట్రైలర్లకే చేసిన) టైర్లకి ఉంటుంది. పైన లెక్కేసిన గాలి కూడా ఆ వేగానికే.